ఆంగ్లకవుల యంత్యప్రాసములు - ప్రాచీనోచ్చారణ సాక్ష్యము

ఆంగ్లభాషయందు వ్రాఁతకును పలుకుబడికిని గల వైరము జగత్ప్రసిద్ధము. ఓ, యు, జీ, హెచ్ అను నాలుగక్షరముల వరుస దగ్గునకుఁ బేరైన పదమునందు 'ఆఫ్' అనియు, కొమ్మకుఁ బేరైన పదమునందు 'ఔ' అనియు, పిండిముద్దకుఁ బేరైన పదమునందు 'ఓ' అనియుఁ బలుకఁబడుచున్నది. ప్రతివర్ణమునకు స్థానకరణప్రయత్నములు నిర్ణయించిన శిక్షాగ్రంథములు చదివినవారికి నిది యరాజకముగాఁ దోఁచుట సహజము. కాని యిది యరాజకము కాదు. వ్రాఁత యొక శతాబ్దమున నిలిచిపోయినది. పలుకుబడి మఱికొన్ని శతాబ్దములు నడచినది. ఆ నడుమ జరిగిన కథకు వైయాకరణులకంటెఁ గవుల యంత్యప్రాసములును, పల్లెవారి నాలుకలును మేలైన సాక్షులు.

1400 సంవత్సరమున మృతినొందిన చాసరు మహాకవి కాలమున, వీరభటవాచకమగు 'నైట్' అను పదమునందలి మొదటి కకారమును, నడిమి జీహెచ్ లును గూడ నోటఁ బలుకుచుండిరి. ఆ జీహెచ్ ధ్వని జిహ్వామూలీయమునకు దగ్గఱిది. ఇంగ్లండున నది నశించినను, స్కాట్లండు వారి రాత్రివాచకమున 'నిఖ్ట్' అనునట్లు నేఁటికిని వినవచ్చుచున్నది.

విలియం కాక్స్టన్ కొలోను నగరమున ముద్రణవిద్య నేర్చి 1476 లో వెస్ట్‌మినిస్టరునందు యంత్రము నెలకొల్పెను. ఏ సీమ మాట నచ్చొత్తవలయునని యాతఁడు పడిన చిక్కు 1490 నాఁటి 'ఈనెయిడోస్' పీఠికలోఁ గానవచ్చును. థేమ్సునదిపై నోడ నిలిచిపోయిన వర్తకులలో నొకఁడు కెంటుసీమలో నొక యింటికిఁ బోయి 'ఎగ్స్' కావలెనని గ్రుడ్లడిగినాఁడఁట. ఇల్లాలు తనకు ఫ్రెంచి రాదనినది. తనకును ఫ్రెంచి రాదు గదా యని వర్తకుఁడు కోపించెను. కడకు వేఱొకఁడు 'ఐరెన్' అని చెప్పఁగా నామెకు బోధపడినది. ఒక్క దేశమువారే యొకరికొకరు పరదేశీయులైరన్నమాట. ఇట్టి యయోమయమున లండను లేఖకుల వ్రాఁతయే యచ్చుకూటములవారికిఁ జాలవఱకు శరణ్యమైనది. రెండువందల యేండ్లలో నదియే గట్టిపడినది.

సరిగా నా కాలముననే నాలుక కదలసాగెను. దీర్ఘమైన ఈకారము 'ఐ'గాను, ఊకారము 'ఔ'గాను మాఱినవి. చాసరునాఁటి 'టీమ' నేఁటి 'టైమ్'; నాఁటి 'హూస్' నేఁటి 'హౌస్'. ఏకారము ఈకారస్థానమునకును, ఓకారము ఊకారస్థానమునకును నెక్కినవి. డెన్మార్కు పండితుఁడు ఆటో యెస్పర్సన్ 1909 లో దీనికి 'మహాస్వరసంక్రమణము' అను నర్థము గల పేరు పెట్టెను. ఈకారమునకు ఐకారమును ఊకారమునకు ఔకారమును వచ్చుట చూచి పాణినీయులకు వృద్ధి స్మరణకు రాకపోదు. పోలిక పైపైదే. వృద్ధి ప్రత్యయాదినిమిత్తమునఁ గలుగు కార్యము. ఇది యే ప్రత్యయము పరమగుటచేతను గలిగినది కాదు, తరతరములుగా జనుల నోట జరిగిన మార్పు. ఆ మార్పు దేశమంతట నొక్కరీతిని వ్యాపింపనులేదు. స్కాట్లండునను, దానికిఁ జేరువనున్న యుత్తరసీమలను 'హూస్' హూస్‌గానే నిలిచినది.

పలికినట్లు వ్రాయవలెనని 1569 లోనే జాన్ హార్ట్ అనునాతఁడు గ్రంథము వ్రాసెను. ఆతని లిపి నెవ్వరును గైకొనలేదు గాని, నాఁటి పలుకుబడి యెట్టిదో యాతఁడు చేసిన నిరూపణ మమూల్యమైనది. పండితులు మాత్ర మెదురుదారిఁ బట్టిరి. ఫ్రెంచినుండి 'డెట్' అని వచ్చిన ఋణవాచకమునకు లాటినుమూలము తోఁచునట్లు బకారము చొప్పించిరి. ద్వీపవాచకమగు 'ఐలండ్' అచ్చమైన యాంగ్లపదము. దానికి లాటినుతో సంబంధమే లేదు. అయినను నందొక సకారము చేరినది. షేక్స్పియరు 1598 లో ముద్రితమైన 'లవ్స్ లేబర్స్ లాస్ట్' నాటకమున, ఋణశబ్దములోని బకారమును బలుకనివారిపై మండిపడు హోలోఫర్నీసు అను పంతులును సృష్టించి నవ్వించినాఁడు. ఆ నవ్వు పండితులకుఁ గొంచెము తగులునట్టిదే.

ఇఁక ప్రాసముల మాట. తెనుఁగున శకటరేఫ సాధురేఫములు నోట నొక్కటియైన పిమ్మట, ఏ పదమున నేది యుండవలెనో తేల్చుటకుఁ బూర్వకవుల ప్రాసస్థానమే ప్రమాణమైనది. ఆంగ్లమునఁ బాదాంతమున నా పని జరుగును. పోపుకవి 1714 లోఁ బెంచి ప్రకటించిన 'ది రేప్ ఆఫ్ ది లాక్' అను హాస్యకావ్యమున, 'ఒబే' అను పదమునకుఁ దేనీటిని జతకూర్చెను. ఇది యపప్రాసము కాదు. నాఁడు తేనీటిని 'టే' యని పలుకుట గలదు. ఐర్లండు పల్లెలలో నా పలుకుబడి పెక్కుకాలము నిలిచినది. ఆ యక్షరక్రమమే గల 'గ్రేట్', 'బ్రేక్', 'స్టేక్' అను మూఁడు పదములు నేఁటికిని ఏకారము విడువక, తోడివారు తరలిపోయినను దాము కదలని ముదుసళ్ల వలె నున్నవి. 'జాయిన్' అను పదము నా కవియే 'లైన్' వంటి పదములతో జతపఱచినాఁడు. నాఁ డది 'జైన్'. తరువాత బడిచదువు ప్రబలి, వ్రాఁత పలుకుబడిని వెనుకకు మరలించినది.

గణితవేత్తయైన అలెగ్జాండర్ జాన్ ఎల్లిస్ 1869 మొదలు 1889 వఱకు నైదు భాగములుగాఁ బ్రకటించిన ప్రాచీనాంగ్లోచ్చారణ గ్రంథమున నిట్టి ప్రాసముల ననేకముగాఁ బరీక్షించెను. అయితే ప్రాసము తప్పని సాక్షి కాదు. షేక్స్పియరు 'లవ్', 'ప్రూవ్' అను వానిని జతచేసెను. నాఁడవి చెవికిఁ గలిసెనని కొందఱును, కంటికిఁ గలిసినఁ జాలునని కవులు తలఁచిరని కొందఱును వాదింతురు. ఒకరు తప్పక యనుసరించిన జతను దరువాతివారు సంప్రదాయముగా వాడుటయుఁ గలదు. కావున సమకాలిక వైయాకరణుల వాక్యముతోను, సీమలవారి పలుకుతోను సరిచూచినఁ గాని ప్రాసమును నమ్మరాదు.

ఈ విషయమున నన్యాయ మనుభవించినవాఁడు కీట్సుకవి. 1795 లో లండనున జనించిన యీతఁడు ముండ్లకును జింకపిల్లలకునుఁ బేళ్లైన 'థార్న్స్', 'ఫాన్స్' అను పదములను జతగూర్చెను. మొదటిదానిలో రేఫ వ్రాఁతయందుండును, రెండవదానిలో లేదు. 1818 లో నెడింబరోనుండి వెలువడు 'బ్లాక్‌వుడ్స్' పత్రికలో లాక్‌హార్ట్ అను విమర్శకుఁడు పేరు దాఁచి, యీ కవి ప్రాసములను లండను పామరులవని, కాక్నీవని, యెగతాళి చేసెను. లాక్‌హార్ట్ స్కాట్లండువాఁడు; రేఫను స్పష్టముగాఁ బలుకు దేశమున పెరిగినవాఁడు. కీట్సు చెవి యబద్ధమాడినదా? 1791 లోనే జాన్ వాకరు తన యుచ్చారణ నిఘంటువున లండనువారి నోట రేఫ బలహీనమైనదని తెలిపియున్నాఁడు. కవి తన నగరమున విన్నదే ప్రాసించెను. తప్పు పట్టినవాఁడు కంటితోఁ జదివెను. కీట్సు 1821 లో నిరువదియైదవ యేఁట రోమునగరమున క్షయవ్యాధిచే మృతినొందెను.

పామరులదని త్రోసివేసిన పలుకుబడికి శాస్త్రస్థాన మిచ్చినవారిలో జోసెఫ్ రైట్ ప్రముఖుఁడు. యార్కుషైరున బీదకుటుంబమునఁ బుట్టి, బాల్యమునుండియుఁ గూలిపనులు చేసి, పదునైదేండ్ల ప్రాయమువఱకుఁ జదువ నేరనివాఁడు, ఆక్స్‌ఫర్డున భాషాశాస్త్రాచార్యుఁడయ్యెను. ఆతని మాండలిక నిఘంటువు 1898 మొదలు 1905 వఱకు నాఱు సంపుటములుగా వెలువడినది. ఆతని యుత్తరసీమలలో 'కట్', 'పుట్' అను పదములు రెండును 'ఉ'కారముతోనే వినఁబడి చక్కగాఁ బ్రాసించును. అట్లు ప్రాసింపకుండుట దక్షిణమువారు పదునేడవ శతాబ్దమునఁ దెచ్చుకొన్న క్రొత్త.

కీట్సు ప్రాసము నిప్పుడు దక్షిణ ఇంగ్లండున విద్యావంతుఁడు చదివినఁ జెవికి నిండుగాఁ గలియును. ఎడింబరోవాఁడు చదివిన నేఁటికిని గలియదు.