ఇనప్పెట్టెకు రెండు తాళాలెందుకు? – బ్యాంకుల జాగ్రత్తల చరిత్ర



ప్రత్యేక సంచికకు బ్యాంకుల చరిత్ర గురించి నాలుగు మాటలు వ్రాయమని మన కార్యవర్గం వారు కోరారు. వరంగల్ జిల్లా బ్రాంచీలలోనే నా సర్వీసులో ఎక్కువ భాగం గడిచింది. మన సంఘంలో ఉపాధ్యాయులున్నారు, రెవెన్యూ వారున్నారు, విద్యుత్ శాఖ వారున్నారు. అందరి పెన్షనూ చేరేది బ్యాంకుకే. కనుక ఆ డబ్బును బ్యాంకు ఎలా కాపాడుతుంది, ఆ కట్టుబాట్లు ఎక్కడి నుంచి వచ్చాయి అన్న విషయమే ఎంచుకున్నాను.

ముందుగా ఒక్క సంగతి మనవి చేస్తాను. బ్యాంకు వ్యాపారం చేసేది చాలావరకు ఇతరుల డబ్బుతో. ప్రమాదాన్ని బట్టి లెక్కగట్టిన ప్రతి 100 రూపాయల అప్పుకు మన దేశంలో బ్యాంకు కనీసం 9 రూపాయల సొంత మూలధనం ఉంచుకోవాలి. మిగిలినదంతా ముఖ్యంగా డిపాజిటర్లదే. అప్పులలో కొద్ది భాగం మునిగినా ముందు ఆ 9 రూపాయలు కరుగుతాయి. ఆ తరువాత ముప్పు మన సొమ్ముకే. అందుకే బ్యాంకులో ప్రతి పనికీ ఒక అడ్డుకట్ట ఉంటుంది.

మన ప్రాంతంలో ఈ పద్ధతులు స్థిరపడటంలో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు పాత్ర పెద్దది. నిజాం ప్రభుత్వ హయాంలో 1941లో ఏర్పడి, 1942 ఏప్రిల్ 5న హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో పని ప్రారంభించింది. ఉస్మానియా సిక్కా నాణెం వ్యవహారాలు, ప్రభుత్వ రుణాల నిర్వహణ దాని బాధ్యతలే. ఆ రోజుల్లో 7 హాలీ రూపాయలు 6 కల్దార్ రూపాయలకు సమానం. ఒకే కౌంటరు మీద రెండు రకాల రూపాయలు నడిచినప్పుడు లెక్క ఎంత గట్టిగా ఉండాలో ఊహించుకోండి! 1956లో ఈ బ్యాంకు రిజర్వు బ్యాంకు చేతికి వచ్చి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 1959లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకు అనుబంధ బ్యాంకుగా మారి, 2017 ఏప్రిల్ 1న అందులో విలీనమైంది. బోర్డు మారింది గాని, ఆ కాలపు కట్టుబాట్లలో చాలా భాగం నేటికీ ఉన్నాయి.

వాటిలో మొదటిది రెండు తాళాలు. స్ట్రాంగ్‌రూములోని ఇనప్పెట్టె ఒక తాళంచెవితో తెరుచుకోదు. ఒకటి క్యాషు చూసే వారి దగ్గర, రెండవది మరొక అధికారి దగ్గర ఉంటుంది. దీనినే జాయింట్ కస్టడీ అనేవాళ్ళం. వోచరు వ్రాసేది ఒకరు, పాస్ చేసేది మరొకరు. సాయంత్రం డే బుక్ కలవనిదే ఇంటికి వెళ్ళేది లేదు. ఒకే సీటులో ఎవరినీ ఏళ్ళ తరబడి ఉంచరు. చెప్పాపెట్టకుండా ఇన్‌స్పెక్టరు వచ్చి క్యాషు లెక్కబెడతాడు.

“ఇంత అపనమ్మకమా?” అని కొత్తగా చేరిన కుర్రవాళ్ళు అడిగేవారు. వారికి ఒక సంగతి చెప్పేవాణ్ణి. నేను పనిచేసిన ఒక బ్రాంచిలో, మరొక చోటు నుంచి వచ్చిన వంద రూపాయల కట్టలో కొన్ని నోట్లు తక్కువయ్యాయి. క్యాషియరుకు రిటైర్మెంటు ఇంకా కొద్ది నెలలే ఉంది. నేరం మెడకు చుట్టుకుంటే గ్రాట్యుటీ ఏమవుతుందోనని ఆయన ముఖం వాడిపోయింది. అయితే కట్ట విప్పినప్పుడు నియమం ప్రకారం ఇద్దరు ఎదురుగా ఉన్నారు, ఇద్దరూ సంతకాలు చేశారు. కట్టకు చుట్టిన చీటీ మీద మొదట లెక్కబెట్టిన వారి సంతకమూ ఉంది. విచారణ ఒక్కరోజులో ముగిసింది, ఆయనకు మచ్చ రాలేదు. రెండవ తాళం దొంగను ఆపటానికే కాదు, నిజాయితీపరుణ్ణి కాపాడటానికి కూడా అని నాకు ఆనాడు బాగా బోధపడింది.

ఇక అప్పుల విషయం. వరంగల్‌లో బ్యాంకు పని సీజనును బట్టి నడిచేది. ఎనుమాముల మార్కెట్ యార్డుకు పత్తి, మిర్చి వచ్చే నెలల్లో జిన్నింగు మిల్లుల వారికీ, వ్యాపారులకూ డబ్బు అవసరం. మిల్లుకు 7 లక్షల లిమిట్ ఉన్నంత మాత్రాన 7 లక్షలూ ఇచ్చేయరు. గోదాములో సరుకు 10 లక్షలది ఉండి, అందులో 2 లక్షల సరుకుకు ఇంకా డబ్బు చెల్లించకపోతే, లెక్కకు వచ్చేది 8 లక్షలే. దాని మీద 25 శాతం మార్జిన్ తీసివేస్తే మిగిలేది 6 లక్షలు. అంతవరకే తీసుకోనిస్తారు. దీనినే డ్రాయింగ్ పవర్ అంటారు. కొన్ని అప్పులకు గోదాముకు బ్యాంకు తాళమే వేసేవారు. వాటికి ‘కీ లోన్’ అనే పేరు అలా వచ్చింది.

అయితే తాళం వేయలేని ప్రమాదాలూ ఉన్నాయి. 1997-98లో మన జిల్లా పత్తి రైతుల కష్టం ఎవరూ మరచిపోలేరు. అకాల వర్షాలు, లద్దె పురుగు కలిసి పంటను తినేశాయి. పురుగుమందుల దుకాణాల్లోనూ, ప్రైవేటు వడ్డీ వ్యాపారుల దగ్గరా చేసిన అప్పులు తీరే దారి లేక ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. బ్యాంకు లెడ్జరులో కనిపించేది రైతు అప్పులో ఒక భాగమే. జిల్లా అంతా ఒకే పంట మీద ఆధారపడినప్పుడు రైతుతో పాటు బ్యాంకూ ఇరుకున పడుతుంది. అటువంటప్పుడు పంట రుణాన్ని దీర్ఘకాలిక వాయిదాలుగా మార్చే ఏర్పాటు ఉంది. కాని ఊరి పరిస్థితి తెలిసిన మేనేజరు ముందుగా గమనించి పై ఆఫీసుకు వ్రాస్తేనే దానికి ఫలితం. కాగితం మీది నియమం మనిషిని ఎరిగి ఉండటానికి బదులు కాజాలదు.

1991 తరువాత పెద్ద మార్పు వచ్చింది. అంతకు ముందు వసూలు కాని వడ్డీ కూడా లాభంలో కలిసిపోయే వీలుండేది. మన తెలుగువారైన మైదవోలు నరసింహం గారి కమిటీ సిఫారసులతో 1992-93 నుంచి ఆ పద్ధతి మారింది. అప్పు మొండిబాకీ అయితే వడ్డీని ఆదాయంగా చూపరాదు, నష్టానికి సొమ్ము పక్కన పెట్టాలి. 1992 సెక్యూరిటీల కుంభకోణం తరువాత, 1993 నుంచి పెద్ద బ్రాంచీలకు ఏడాది పొడవునా జరిగే ఆడిట్ వచ్చింది. 2004 మార్చి నుంచి 90 రోజుల నియమం అమలయింది. అప్పటిదాకా దాగిన నష్టాలు బయటపడ్డాయి. జబ్బు తెలిస్తేనే గదా వైద్యం!

కంచే చేను మేస్తే ఏమవుతుందో కూడా మనం చూశాం. 1762లో పుట్టిన లండన్ బేరింగ్స్ బ్యాంకు 1995లో కూలిపోయింది. సింగపూరులో కొనుగోళ్ళు చేసేవాడూ, వాటి లెక్క సరిచూసేవాడూ ఒకడే కావటం దానికి ముఖ్య కారణం. 2018లో బయటపడిన పంజాబ్ నేషనల్ బ్యాంకు మోసం 13 వేల కోట్ల రూపాయలు దాటింది. విదేశాలకు హామీ సందేశాలు పంపే ఏర్పాటు బ్యాంకు లెక్కల కంప్యూటరుతో కలపబడలేదు, సంబంధిత అధికారి ఏళ్ళ తరబడి అదే సీటులో ఉన్నాడు. రెండుచోట్లా రెండవ తాళం లేదు. మన రాష్ట్ర రాజధానిలో 1994లో పుట్టిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు షేర్ల వ్యాపారానికి సంబంధించిన అప్పులతో దెబ్బతిని, 2004 జులై 24న మారటోరియంలో పడింది. రిజర్వు బ్యాంకు మూడు వారాలలో, ఆగస్టు 14న, దానిని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపింది. డిపాజిటర్లు బయటపడ్డారు, షేర్లు కొన్నవారికి మాత్రం ఏమీ దక్కలేదు.

డిపాజిట్ల బీమా కూడా ఇటువంటి అనుభవం నుంచే వచ్చింది. 1960లో కేరళలో పలై సెంట్రల్ బ్యాంకు మూతపడిన తరువాత, 1962లో 1,500 రూపాయల పరిమితితో ప్రారంభమైంది. 1993లో లక్ష అయింది, 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలు. ఒక బ్యాంకులోని అన్ని బ్రాంచీలలో మీ ఒక్కరి పేరిట ఉన్న అసలు, వడ్డీ కలిపి ఈ పరిమితి. బ్యాంకు వేరైతే లెక్క వేరు. కనుక ఎక్కువ వడ్డీకి ఆశపడి రిటైర్మెంటు సొమ్మంతా ఒక్కచోటే ఉంచవద్దని నా మనవి. నామినేషన్ ఉన్నదీ లేనిదీ ఒకసారి చూసుకోండి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు.

చివరిగా మరొక మాట. నేడు బ్యాంకు మన ఫోనులోకి వచ్చింది. పాస్‌వర్డు మొదటి తాళంచెవి, ఫోనుకు వచ్చే ఓటీపీ రెండవది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని ఎవరు అడిగినా ఆ అంకెలు చెప్పకండి. మనుమడి వయసు గొంతుతో, ఎంత మర్యాదగా అడిగినా సరే. మా కాలంలో సాక్షాత్తు మేనేజరు గారు అడిగినా, రిజిస్టరులో సంతకం లేనిదే క్యాషియరు తన తాళంచెవి ఇచ్చేవాడు కాదు. మనమూ అంతే గట్టిగా ఉందాం.

– ఒక విశ్రాంత బ్యాంకు అధికారి, హనుమకొండ