తృతీయ పక్ష లాజిస్టిక్స్

ఒక వ్యాపార సంస్థ తన సరుకుల రవాణా, నిల్వ, పంపిణీ పనులను స్వయంగా చేసుకోకుండా, ఆ పనులలో నైపుణ్యం గల వేరొక సంస్థకు ఒప్పందంపై అప్పగించే పద్ధతిని తృతీయ పక్ష లాజిస్టిక్స్ అంటారు. వాణిజ్య వ్యవహారంలో దీనిని క్లుప్తంగా త్రీపీఎల్ అని పిలుస్తారు. సరుకు పంపేవారు మొదటి పక్షం, అందుకొనేవారు రెండవ పక్షం కాగా, వీరిద్దరి నడుమ సరుకును చేరవేసే సంస్థ మూడవ పక్షం. ఈ సంస్థకు సరుకుపై యాజమాన్య హక్కు ఉండదు. సరుకు దాని ఆధీనంలో మాత్రమే ఉంటుంది. ఈ వ్యవస్థలోని సౌకర్యాలకూ, వివాదాలకూ ఈ భేదమే మూలం.

చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1980లో వచ్చిన మోటార్ క్యారియర్ చట్టం రోడ్డు రవాణా ధరలపైన, మార్గాలపైన ఉన్న ప్రభుత్వ నియంత్రణను చాలావరకు సడలించింది. దానితో రవాణా సంస్థల మధ్య పోటీ పెరిగి, గిడ్డంగులు, పంపిణీ వంటి అదనపు సేవలను కలిపి అందించే సంస్థలు విస్తరించాయి. 2008లో ఆ దేశపు వినియోగ వస్తువుల భద్రతా చట్టం తృతీయ పక్ష లాజిస్టిక్స్ సంస్థకు నిర్వచనం ఇచ్చింది. వస్తువుపై యాజమాన్యం పొందకుండా, దానిని స్వీకరించి, భద్రపరచి, రవాణా చేసే సంస్థ అని ఆ నిర్వచన సారాంశం.

భారతదేశంలో ఈ పనిని చాలాకాలం లారీ ట్రాన్స్‌పోర్టు కంపెనీలు, సి అండ్ ఎఫ్ ఏజెంట్లు విడివిడిగా చేసేవారు. కేంద్ర అమ్మకపు పన్ను అమలులో ఉన్న రోజులలో ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి సరుకు అమ్మితే ఆ పన్ను పడేది. కాని అదే సరుకును మరొక రాష్ట్రంలోని తమ సొంత డిపోకు తరలిస్తే అది అమ్మకం కాదు గనుక పన్ను పడేది కాదు. అందువలన పెద్ద కంపెనీలు దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ చిన్న చిన్న గోదాములు నడిపేవి. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోకి రావడంతో ఈ అవసరం తొలగిపోయింది. రాష్ట్రాల సరిహద్దులలోని అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు కూడా మూతబడ్డాయి. తరువాత గోదాము ఎక్కడ ఉండాలనేది పన్నును బట్టి కాక, దూరాన్ని, గిరాకీని బట్టి నిర్ణయించడం మొదలయింది. పెద్ద గోదాములను నిర్వహించగల తృతీయ పక్ష సంస్థలకు ఇది అవకాశమైంది.

పనిచేయు విధానం

లారీ మొత్తం నిండే సరుకు ఉన్న వ్యాపారి పూర్తి లోడుగా ఒక వాహనాన్ని మాట్లాడుకుంటాడు. అంత సరుకు లేనివారికి పార్ట్ లోడు పద్ధతి అనుకూలం. ఉదాహరణకు వరంగల్లు నుండి 300 కిలోల జంపఖానాలు కోల్‌కతాకు పంపాలంటే, ఆ కొద్దిపాటి సరుకు కోసం లారీ మాట్లాడుకోవడం గిట్టుబాటు కాదు. రవాణా సంస్థ వాటిని మొదట హైదరాబాదులోని కూడలి గోదాముకు చేర్చి, అటువైపు వెళ్ళే ఇతర వ్యాపారుల సరుకుతో కలిపి పెద్ద లారీలో పంపుతుంది. కోల్‌కతా గోదాములో సరుకు దించి, ఎవరిది వారికి చిన్న వాహనాలపై అందజేస్తుంది. సరుకు ఎక్కించి దించిన ప్రతిసారీ హమాలీ ఖర్చుతో పాటు నష్టపోయే అవకాశం కూడా పెరుగుతుంది. అందువలన పగిలే వస్తువులకు ప్యాకింగు బాగుండాలి.

ఈ సంస్థలలో చాలావాటికి సొంత వాహనాలు తక్కువ. ఒకటి రెండు లారీలు గల యజమానుల నుండి, బ్రోకర్ల నుండి వాహనాలు కిరాయికి తీసుకుంటాయి. పోయేటప్పుడు లోడుతో వెళ్ళిన లారీ ఖాళీగా తిరిగివస్తే డీజిలు, టోలు ఖర్చు యజమానిపై పడుతుంది. తిరుగు లోడు చూపించగలగడం రవాణా సంస్థ బలాలలో ఒకటి. అటువంటి చోట కిరాయి కూడా తగ్గుతుంది.

కిరాయి లెక్క

కిరాయి దూరం, బరువు, సరుకు ఆక్రమించే స్థలం అనే మూడు అంశాలపై ఆధారపడుతుంది. తేలికైన సరుకు ఎక్కువ స్థలం ఆక్రమిస్తే పరిమాణపు బరువును లెక్కిస్తారు. కొరియరు, ఎక్స్‌ప్రెస్ సేవలలో సాధారణంగా పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. కొండపల్లి బొమ్మలు ఉన్న ఒక పెట్టె 60 × 50 × 40 సెం.మీ. కొలతతో 15 కిలోలు తూగిందనుకొంటే, దాని పరిమాణపు బరువు 24 కిలోలు. రెండింటిలో ఎక్కువైన 24 కిలోలకు కిరాయి వసూలు చేస్తారు. పెట్టె కొలత తగ్గించడం వలన కూడా ఖర్చు తగ్గుతుందని దీనివలన తెలుస్తుంది.

కిరాయి పంపేవారే ముందుగా చెల్లిస్తే పెయిడ్ అని, అందుకొనేవారు చెల్లించాలంటే టు పే అని రసీదుపై వ్రాస్తారు.

పత్రాలు

సరుకు అప్పగించినప్పుడు రవాణా సంస్థ ఇచ్చే లారీ రసీదు (ఎల్.ఆర్.) అన్నిటికంటే ముఖ్యమైన పత్రం. దీనితో పాటు ఇన్వాయిస్ ఉండాలి. సాధారణంగా సరుకు విలువ 50,000 రూపాయలు మించితే ఈ-వే బిల్లు కూడా అవసరం. రాష్ట్రాల మధ్య రవాణాకు ఇది 2018 ఏప్రిల్ 1 నుండి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల లోపలి రవాణాకు అదే నెల 15 నుండి అమలులోకి వచ్చింది. మామూలు సరుకు విషయంలో ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున దీనికి గడువు ఉంటుంది. దారిలో లారీ మారితే కొత్త వాహనం నంబరును బిల్లులో నమోదు చేయాలి.

నష్ట బాధ్యత

1865 నాటి క్యారియర్ల చట్టం స్థానంలో వచ్చిన రోడ్డు రవాణా చట్టం, 2007, 2011 మార్చి 1 నుండి అమలులో ఉంది. సొంత లారీ లేని బుకింగు కంపెనీలు, ఏజెంట్లు, బ్రోకర్లు కూడా ఈ చట్టం ప్రకారం రవాణాదారుల నిర్వచనంలోకి వస్తారు. సరుకు పోయినా, పాడైనా రవాణాదారు నిర్లక్ష్యాన్ని సరుకుదారు నిరూపించవలసిన పని లేదు. దైవిక ఘటనలు, యుద్ధం, అల్లర్లు, ప్రభుత్వ నిషేధం వంటి కారణాలకు మాత్రం మినహాయింపు ఉంది.

అయితే పరిహారానికి పరిమితి ఉంది. సరుకుదారు ముందుగా ఎక్కువ విలువ ప్రకటించి, హెచ్చు ప్రమాద రేటు చెల్లించని పక్షంలో, పరిహారం కిరాయికి పది రెట్లు మించదు. 2,000 రూపాయల కిరాయికి పంపిన లక్షన్నర రూపాయల సరుకు పోతే, చట్టప్రకారం రాగల సొమ్ము 20,000 రూపాయలు మాత్రమే. మిగిలిన 1,30,000 రూపాయలు వ్యాపారి నష్టపోతాడు. కాబట్టి విలువైన సరుకుకు విడిగా రవాణా బీమా చేయించడం అవసరం. దావా వేయాలంటే సరుకు బుక్ చేసిన తేదీ నుండి 180 రోజులలోగా వ్రాతపూర్వకమైన నోటీసు ఇవ్వాలి. సరుకు అందుకొన్నప్పుడు పెట్టె చితికి ఉంటే, ఆ సంగతి డెలివరీ రసీదుపై వ్రాసిన తరువాతనే సంతకం చేయడం మంచిది.

ప్రయోజనాలు, పరిమితులు

లారీలు, గోదాములు, సిబ్బందిపై పెట్టుబడి పెట్టకుండానే దూరప్రాంతపు మార్కెట్లను చేరగలగడం చిన్న పరిశ్రమలకు కలిగే ముఖ్య ప్రయోజనం. పండుగల ముందు గిరాకీ పెరిగినప్పుడు ఎక్కువ స్థలం, తరువాత తక్కువ స్థలం వాడుకోవచ్చు. 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచవలసిన టీకాల వంటి వాటికి శీతల వాహనాలు, ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరాలు కావాలి. వీటిని ప్రతి తయారీదారు సమకూర్చుకోవడం కష్టం.

మరొకవైపు, సరుకు ఆలస్యమైతే కొనుగోలుదారు నిందించేది రవాణా సంస్థను కాదు, అమ్మినవారిని. ఒకే సంస్థపై పూర్తిగా ఆధారపడిన వ్యాపారికి అది మానుకొన్నా, ధర పెంచినా వెంటనే వేరు దారి దొరకదు. పనిని కింది కాంట్రాక్టర్లకు అప్పగించే కొద్దీ లారీ యజమానికి కిరాయి ఆలస్యంగా చేరుతుంది. డీజిలు ఖర్చును మాత్రం అతడు ముందుగానే భరించాలి. సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపులు 45 రోజులు మించరాదని 2006 నాటి చట్టం చెబుతున్నది. అయితే దాని రక్షణ పొందాలంటే లారీ యజమాని ఆ సంస్థగా నమోదై ఉండాలి.

తెలుగు రాష్ట్రాలలో

హైదరాబాదు కేంద్రంగా 1989లో ప్రారంభమైన గతి సంస్థ దేశంలో ఎక్స్‌ప్రెస్ సరుకు రవాణాకు పేరుపొందింది. 2020లో ముంబాయికి చెందిన ఆల్‌కార్గో సంస్థ దీనిలో నియంత్రణ వాటా పొందింది. విజయవాడ కేంద్రంగా గల నవత ట్రాన్స్‌పోర్టు పార్ట్ లోడు రవాణాలో సుపరిచితమైనది. హైదరాబాదు సనత్‌నగర్‌లోని లోతట్టు కంటైనరు డిపో, విశాఖపట్నం రేవులోని కంటైనరు టెర్మినల్ ఎగుమతి సరుకుకు ముఖ్య ద్వారాలు.

ఇవి కూడా చూడండి

వస్తు సేవల పన్ను
ఈ-వే బిల్లు
సరఫరా గొలుసు
రవాణా బీమా