చాటింపు నుంచి వాట్సాప్ దాకా: మన నీళ్ల లెక్క

దేశమంతా తిరిగి డ్యాములు కట్టిన చేతులు పాలమూరువి. మన పొలాలకు మాత్రం నీళ్లు ఆలస్యంగా వచ్చాయి. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి నీళ్లు ఇప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెలకు పారుతున్నాయి. అయినా నీళ్ల పంచాయితీలు తెగలేదు. ఉన్న నీళ్లెన్ని, ఎవరి వంతు ఎప్పుడు అన్న లెక్క అందరికీ తెలిస్తేనే అవి తగ్గుతాయి.

మన పెద్దల కాలంలో చెరువు తూము తీసేది, వంతుల ప్రకారం మడులకు నీళ్లు పారించేది నీరటి. ఊరికి చెప్పాల్సిన కబురు డప్పు చాటింపుతో చెప్పేవారు. పొయ్యి కాడ ఉన్న ఆడమనిషికీ అది వినపడేది.

బోర్లు వచ్చినంక ఎవరి నీళ్లు వారివే అయ్యాయి. పక్కచేను బోరు కన్నా లోతుకు పోవాలని అప్పులు చేసినం. 2002లో వాల్టా చట్టం వచ్చింది. 2003 నుంచి కొన్నేళ్లు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి రాష్ట్రంలోని 7 జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని కొలిచారు. మన ఉమ్మడి మహబూబ్‌నగర్ అందులో ఒకటి. వాన ఎంత పడింది, బోరులో మట్టం ఎంత అని అందరికీ కనపడేలా రాసిపెట్టారు. యాసంగికి ముందు కూర్చొని, ఉన్న నీళ్లకు ఏ పంట సరిపోతుందో లెక్కకట్టారు. ఎవరూ బలవంతం చేయకుండానే చాలామంది వరి తగ్గించారు.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. అక్టోబరు 11న మన జిల్లాలు వేరుపడ్డాయి. అప్పటినుంచి చవక ఇంటర్నెట్‌తో నీళ్ల కబురు వాట్సాప్‌కు ఎక్కింది. జూరాల నిండుమట్టం 318.516 మీటర్లు. దానికి ఇంకెంత తక్కువుందో ఇప్పుడు ఇంట్లోనే తెలుసుకోవచ్చు. 2019 డిసెంబరు 31న సరళాసాగర్ కట్ట తెగిందన్న వార్త కూడా ఫోన్లలోనే చూసినం. తెగినంక వచ్చే వీడియో కన్నా, కట్టకు తడి ఊరిన రోజే పెట్టే ఫొటో విలువైనది.

కానీ ఆ గ్రూపుల్లో నంబరు ఎవరిది? పట్టా మగవాళ్ల పేరున, ఫోనూ వాళ్ల చేతిలోనే. నాటు మనది, కలుపు మనది, కబురు మాత్రం మనకు ఆఖరున. డప్పుకు ఉన్న న్యాయం ఫోన్‌కు లేకుండా పోయింది.

అందుకే అక్కచెల్లెళ్లారా, ఊరి నీళ్ల గ్రూపులో ప్రతి గ్రామ సంఘం నుంచి ఇద్దరన్నా ఉందాం. నెలకోసారి బోరు మట్టం కొలిచి పెడదాం. ఫోన్ లేనివాళ్ల కోసం సంఘం మీటింగులో చదివి వినిపిద్దాం. నిజమో కాదో తెలియని కబురును ముందుకు పంపకుందాం.