శ్రీహరికోట వంటచెరకు

సూళ్లూరుపేట నుండి తూర్పుగా, పులికాట్ సరస్సు మీదుగా వేసిన రోడ్డున పోతే శ్రీహరికోట వస్తుంది. సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య పొడవుగా పడి ఉన్న ఇసుకదీవి ఇది. దీని పేరు చెప్పగానే నేడు రాకెట్టు జ్ఞాపకం వస్తుంది. కాని అంతకు పూర్వం చాలా కాలం ఈ దీవి చెన్నపట్టణపు పొయ్యిలకు వంటచెరకు పంపినది.

చెట్టు సూర్యరశ్మి సహాయంతో నీటినీ, గాలిలోని బొగ్గుపులుసు వాయువునూ కట్టెగా మార్చుతుంది. కట్టె కాలినప్పుడు ఆ వాయువు తిరిగి గాలిలో కలుస్తుంది. మరొక చెట్టు దానిని పీల్చుకుంటుంది. కనుకనే కట్టెను తరగని ఇంధనమంటారు. అయితే నరికే వేగం పెరిగే వేగాన్ని మించరాదు. శ్రీహరికోటలో వచ్చిన చిక్కంతా ఇక్కడనే.

1835లో దీవి ప్రభుత్వ స్వాధీనమైనది. అక్కడి యానాదులు తేనె, మైనం, ఎర్ర అద్దకానికి పనికివచ్చే చిరివేరు సేకరించి జీవించేవారు. ఆ అడవిని వారెరిగినంతగా మరెవరూ ఎరుగరు.

కట్టె బరువైన సరుకు. దూరం పెరిగిన కొద్దీ బండికూలి దాని విలువను మింగివేస్తుంది. ఈ ఇబ్బందిని కాలువ తీర్చినది. బాజిల్ కొక్రేన్ 1806లో చెన్నపట్టణం నుండి ఎన్నూరు వరకు ప్రారంభించిన కాలువను 1837లో ప్రభుత్వం తీసుకున్నది. క్రమంగా అది ఉత్తరానికి సాగినది. 1876–78 కరవులో కూలీలకు పని కల్పించేందుకు మరింత తవ్వించి, గవర్నరు పేరిట బకింగ్‌హాం కాలువ అన్నారు. నీటిపై తేలే పడవను గట్టున నడిచే మనుషులు తాడుతో లాగగలరు. తెరచాపకు గాలి అందితే ఆ శ్రమ కూడా తగ్గుతుంది. పొగ లేని రవాణా!

ఇంతలో మరొక ఆకలి బయలుదేరినది. 1856 జూలై 1న రాయపురం నుండి వాలాజా రోడ్డుకు రైలు నడిచినది. నేలబొగ్గు దూరం నుండి రావలసి ఉండెను గనుక ఇంజన్లలో కట్టెలు కాల్చారు. అదే సంవత్సరం మద్రాసు రాజధానికి అడవుల సంరక్షకుడుగా క్లెగ్‌హార్న్ నియమితుడైనాడు. అడవులపై పడుతున్న గొడ్డలిని ఎట్లా అదుపు చేయాలన్నదే ఆయన ముందున్న సమస్య.

1860 దశకంలో తీరప్రాంతంలో సరుగుడు తోటలు పెంచసాగారు. ఉప్పుగాలికీ ఇసుకకూ వెరవని చెట్టు ఇది. దీని వేళ్ల బుడిపెలలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. అందుచేతనే పేదనేలలో కూడా ఏపుగా పెరిగి, నాలుగైదేళ్లలో కోతకు వస్తుంది. ఆ కాలపు సాంకేతిక నవకల్పనలలో రైలింజనుతో పాటు దీనిని కూడా లెక్కించవలసినదే. అయినా తోట అడవి కాదు. పాల, అల్లి, నేరేడు కలిసి పెరిగిన చోట పక్షికి పండూ, మనిషికి మందూ దొరుకుతాయి. ఒకే ఈడు సరుగుడు వరుసలలో అవి దొరకవు.

1969లో ఉపగ్రహ ప్రయోగ కేంద్రానికి శ్రీహరికోటను ఎన్నుకున్నారు. తూర్పున సముద్రం ఉన్నందున రాకెట్టు భూభ్రమణ వేగాన్ని వినియోగించుకోగలదు; శకలాలు పడినా జనావాసాలకు ప్రమాదం ఉండదు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 లేచినది. రక్షణ కోసం కాపలా పెట్టడంతో వంటచెరకు వ్యాపారం ఆగిపోయి, దీవిలో సహజమైన అడవి నిలిచినది. కాని ఆ కాపలా యానాదుల పూర్వపు అటవీ జీవనానికి కూడా అడ్డమైనది. అడవి మిగిలిన లెక్కలో ఈ నష్టాన్ని చాలామంది వ్రాయరు.

పట్టణం మాత్రం ఇంధనం మానలేదు, మార్చుకున్నది. కొక్రేన్ కాలువ చేరిన ఎన్నూరులోనే 1970లో బొగ్గు విద్యుత్కేంద్రం మొదలై, 2017లో మూతపడినది. ఈలోగా ఆ పరిసరాలలోని మరొక బొగ్గు కేంద్రపు బూడిద ఎన్నూరు కయ్యలో మేట వేసినది.