కిట్టి పండితుఁడు – గబ్బిలములు



అమరకోశమున గబ్బిలమునకు ‘అజినపత్ర’ యని పేరున్నది. తోలే ఱెక్కలుగాఁ గలదని యర్థము. ఈ పదమును నేను ముప్పదియేండ్లు పిల్లలచేత వల్లె వేయించితినేకాని, ఒక్కనాఁడైనను గబ్బిలమును దేఱిపాఱఁ జూచినవాఁడను గాను. ఒకప్పుడు మా బడి వసారాలో వ్రాలిన చిన్న గబ్బిలమును జూపి యొక బాలుఁడు, “పంతులుగారూ! మఱ్ఱిచెట్టున వ్రేలాడునవియు, ఇదియు నొకటేనాండి?” యని యడిగెను. “అన్నియు గబ్బిలములే, కూర్చుండుము” అంటిని. ఆ మాట యెంత తొందరపాటో నాకుఁ దెలిపినది తాయ్‌లాండు దేశస్థుఁడగు కిట్టి థోంగ్‌లోంగ్యా చరిత్రము. ఆ దేశమునే మన పెద్దలు సయామనిరి.

1948 లోఁ దమిళదేశపు పడమటి కొండలలో, హైవేవీ యనుచోట, ఆంగస్ హట్టన్ అను తోటదొర ఫలములు దిను గబ్బిలము నొకదానిని బట్టెను. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి సంగ్రహమున నది చేరెను. కాని సర్వసాధారణమైన కుఱుచముక్కు గబ్బిలమని దానికిఁ జీటీ కట్టఁబడెను. ఇరువదియేండ్లకుఁ బైగా ఆ చీటీయే నిలిచెను. 1970 లోఁ గిట్టి దానిని బరీక్షించెను. పైకిఁ గనఁబడు తోక లేదు; దంతముల తీరు వేఱు. ఇది శాస్త్రమునకుఁ గ్రొత్తజాతి యని నిశ్చయించి, 1972 లోఁ బ్రకటించి, దానికి మన పక్షిశాస్త్రవేత్త సలీం అలీగారి పేరు పెట్టెను.

కిట్టి పెట్టెలయొద్దనే కూర్చున్న పండితుఁడు గాఁడు. 1973 అక్టోబరులోఁ గాంచనబురి మండలమందలి సాయ్‌యోక్ గుహలలో నతనికొక గబ్బిలము దొరకెను. నిడివి బొటనవ్రేలి కణుపంత. బరువు సుమారు 2 గ్రాములు, అనఁగాఁ దులములో నాఱవపాలు! దానిని లండనులోని జాన్ ఎడ్వర్డ్స్ హిల్లను శాస్త్రజ్ఞునకుఁ బంపి యభిప్రాయ మడిగెను. ఆ విషయము అచ్చు కాకమునుపే, 1974 ఫిబ్రవరిలో, 45 ఏండ్లకే కిట్టి కాలధర్మము నొందెను. అదే యేఁట హిల్లు, ఇది క్రొత్తజాతి మాత్రమే కాదు, గబ్బిలములలో వేఱొక కుటుంబమే యని చాటి, దానికిఁ గిట్టి పేరుంచెను. ఒరులకుఁ బేరిచ్చిన చేయి తన పేరును జదువుకొననే లేదు.

పేరు పెట్టుటకు ముందు చూడవలెను. చీటీ వ్రాసినవారి పొరపాటును, బడిలో నేనాడిన మాటయు నొక్కతీరువే. మీ మనుమలు ప్రశ్న యడిగినచోఁ గూర్చుండుమనకుఁడు. వారితోఁ గలసి చూడుఁడు.

ఆ బాలుఁడు నేఁ డెక్కడ నున్నను వినుఁగాక: నాయనా, అవి యొకటి గావు. మఱ్ఱినున్నవి ఫలములు దినును. నీవు చూపిన చిన్నది పురుగులను బట్టుకొని తినును. నీ ప్రశ్నయే సరియైనది.