పాత ఆట.. కొత్త కన్సోల్: గ్రాఫిక్స్ పెరిగితే గేమ్ బాగుంటుందా? రెట్రో రీ-రిలీజ్‌ల వెనుక అసలు కథ ఇదీ

వేసవి సెలవులు.. మధ్యాహ్నం పూట ఇంట్లో పెద్దాళ్లంతా పడుకున్నాక టీవీకి వీడియో గేమ్ కనెక్ట్ చేయడం.. గేమ్ రాకపోతే క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టడం.. 'కాంట్రా'లో ఆఖరి లెవెల్‌కి వచ్చేసరికి కరెంటు పోవడం. 90ల్లో పెరిగిన వాళ్లకు ఇదంతా చెప్పక్కర్లేదు. వాళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్లకు కూడా గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు అదే కాంట్రా పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్, స్విచ్‌లో దొరుకుతోంది. కొనామీ సంస్థ 2019 జూన్‌లో 'కాంట్రా యానివర్సరీ కలెక్షన్' పేరుతో పాత గేమ్స్‌ను ఒక మూట కట్టి వదిలింది. ఇందులో ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకోవచ్చు. అంటే కరెంటు పోయినా భయం లేదన్నమాట. 2024 మార్చిలో అదే కథతో, కొత్త గ్రాఫిక్స్‌తో 'కాంట్రా: ఆపరేషన్ గలూగా' కూడా వచ్చింది.

మరి 4కే టీవీలు, వేల రూపాయల కన్సోళ్లు ఉన్న ఈ రోజుల్లో చుక్కలు చుక్కలుగా కనిపించే ఆ పాత బొమ్మలను జనం ఎందుకు కొంటున్నారు? గ్రాఫిక్స్ ముఖ్యమా? గేమ్‌ప్లే ముఖ్యమా? కొన్ని రీ-రిలీజ్‌లు హిట్ అయితే, మరికొన్ని ఎందుకు అట్టర్ ఫ్లాప్ అయ్యాయి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఈ నాలుగు మాటలు తెలుసుకోండి

పాత గేమ్ మళ్లీ వచ్చిందంటే అది నాలుగు రకాల్లో ఏదో ఒకటి అయి ఉంటుంది.

ఎమ్యులేషన్: కొత్త మెషీన్ మీద ఒక సాఫ్ట్‌వేర్ పాత మెషీన్‌లా నటిస్తుంది. గేమ్ మాత్రం అప్పటిదే, అక్షరం మారదు.

పోర్ట్: పాత గేమ్ కోడ్‌ను కొత్త కన్సోల్‌లో నడిచేలా సర్దుబాటు చేస్తారు.

రీమాస్టర్: ఆట అదే. బొమ్మలు, సౌండ్, స్క్రీన్ సైజు మాత్రం మెరుగుపరుస్తారు. పాత సినిమాను 4కేలో మళ్లీ రిలీజ్ చేసినట్టు.

రీమేక్: కథ, పాత్రలు మాత్రం ఉంచి, గేమ్‌ను మొదటి నుంచి మళ్లీ కడతారు. సినిమా రీమేక్ లాగే, ఇందులో హిట్టూ ఉంటుంది, ఫ్లాపూ ఉంటుంది.

40 కేబీలో ఒక ప్రపంచం

'సూపర్ మారియో బ్రదర్స్' 1985లో జపాన్‌లో రిలీజైంది. ఆ గేమ్ మొత్తం సైజు ఎంతో తెలుసా? 40 కిలోబైట్లు. ఈ రోజు మన వాట్సాప్‌కి వచ్చే ఒక్క గుడ్ మార్నింగ్ ఫొటో కూడా అంతకంటే పెద్దగానే ఉంటుంది. ఆ గేమ్ నడిచిన ఫ్యామికామ్ మెషీన్ 1983లో వచ్చింది. అందులో పని చేసే మెమరీ కేవలం 2 కిలోబైట్లు. 90ల్లో మన ఇళ్లలోకి వచ్చిన చవక టీవీ గేమ్ బాక్సుల్లో చాలావరకు ఈ మెషీన్‌కు కాపీలే.

చోటు లేదు కాబట్టి పొదుపు చేశారు. మారియోలో ఆకాశంలో కనిపించే మేఘం, నేల మీద కనిపించే పొద.. రెండూ ఒకే బొమ్మ. రంగు మాత్రమే వేరు. నమ్మకపోతే ఈసారి ఆడేటప్పుడు జాగ్రత్తగా చూడండి.

కానీ ఒక్క చోట మాత్రం పొదుపు చేయలేదు. అదే మారియో ఎగరడం. బటన్ కాస్త నొక్కితే చిన్న గెంతు, నొక్కి పట్టుకుంటే పెద్ద గెంతు. గాల్లో ఉండగా కూడా కాస్త అటూ ఇటూ తిప్పుకోవచ్చు. 40 ఏళ్ల తర్వాత కూడా ఆ గేమ్ చేతికి హాయిగా అనిపించడానికి ఇదే కారణం. గేమ్‌ప్లే అంటే ఇదే.. మీరు నొక్కినదానికి, తెర మీద జరిగినదానికి మధ్య ఉండే సంబంధం.

ఇంకో ఉదాహరణ 'స్పేస్ ఇన్వేడర్స్'. 1978లో వచ్చిన ఈ గేమ్‌లో శత్రువులను కాల్చేకొద్దీ మిగిలినవాళ్లు స్పీడ్ పెంచుతారు. ఇది మొదట ప్లాన్ చేసింది కాదు. అప్పటి చిప్‌కు అన్ని బొమ్మలు ఒకేసారి గీయడం కష్టం. బొమ్మలు తగ్గేకొద్దీ పని తేలికై వేగం పెరిగింది. గేమ్ తయారు చేసిన తొమోహిరో నిషికాడో దాన్ని లోపంగా చూడకుండా అలాగే ఉంచేశారు. ఆఖరి శత్రువు పరుగే ఆ గేమ్‌కి అసలు టెన్షన్.

'టెట్రిస్' సంగతైతే చెప్పనే అక్కర్లేదు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ దీన్ని తయారు చేసిన కంప్యూటర్‌లో బొమ్మలు గీసే సదుపాయమే లేదు. బ్రాకెట్ గుర్తులతో గళ్లు పేర్చారు. 2023 డిసెంబరులో ఒక 13 ఏళ్ల అమెరికా కుర్రాడు పాత నింటెండో టెట్రిస్‌ను 157వ లెవెల్ దాకా ఆడి, గేమే ఫ్రీజ్ అయిపోయేలా చేశాడు. ఆ కుర్రాడు పుట్టకముందే ఆ గేమ్‌కి 20 ఏళ్లు దాటాయి!

ఒకటి హిట్.. ఒకటి ఫ్లాప్.. ఎందుకలా?

2016 నవంబరులో నింటెండో చేతిలో పట్టేంత చిన్న 'ఎన్‌ఈఎస్ క్లాసిక్ ఎడిషన్' తెచ్చింది. లోపల 30 గేమ్స్, అమెరికాలో ధర 60 డాలర్లు. షాపుల్లోకి రావడం ఆలస్యం, అయిపోయేది. ఐదారు నెలల్లో 23 లక్షలు అమ్ముడయ్యాయి. తర్వాతి ఏడాది వచ్చిన 'ఎస్‌ఎన్‌ఈఎస్ క్లాసిక్'లో 21 గేమ్స్ పెట్టారు. అందులో ఒకటి 'స్టార్ ఫాక్స్ 2'. 90ల్లో తయారై, బయటకు రాకుండా ఆగిపోయిన గేమ్ అది.

ఇది చూసి సోనీ కూడా రంగంలోకి దిగింది. 2018 డిసెంబరు 3న 'ప్లేస్టేషన్ క్లాసిక్' వచ్చింది. 20 గేమ్స్, 100 డాలర్లు. కానీ సీన్ రివర్స్ అయింది. కొద్ది వారాల్లోనే షాపులు ధర తగ్గించేశాయి.

తప్పు ఎక్కడ జరిగింది? యూరప్ టీవీల కోసం చేసిన పాత వెర్షన్లను కొన్ని గేమ్స్‌కు వాడేశారు. యూరప్ టీవీలు అప్పట్లో సెకనుకు 50 సార్లు బొమ్మ మార్చేవి, అమెరికా, జపాన్ టీవీలు 60 సార్లు. మన దగ్గర చాలామందికి ఇష్టమైన 'టెక్కెన్ 3' కూడా ఈ 50 లెక్కలోనే వచ్చింది. ఫైటింగ్ గేమ్‌లో వేగం ఆరో వంతు తగ్గితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. బొమ్మ అదే, పాట అదే.. కానీ చేతికి పాత టెక్కెన్ అనిపించలేదు. చూడ్డానికి అదే గేమ్, ఆడ్డానికి కాదు.

మరుసటి ఏడాది సెగా 'జెనెసిస్ మినీ' తెచ్చినప్పుడు ఈ తప్పు చేయలేదు. పాత గేమ్స్‌ను కొత్త మెషీన్లకు తేవడంలో పేరున్న జపాన్ సంస్థ ఎం2 చేతికి పని అప్పగించింది. 42 గేమ్స్‌తో వచ్చిన ఆ బాక్స్‌కు మంచి రివ్యూలు వచ్చాయి.

జీటీఏ ట్రిలజీ: గ్రాఫిక్స్ పెరిగి గేమ్ తగ్గింది

ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకు ఇంతని కట్టి 'వైస్ సిటీ' ఆడిన బ్యాచ్‌కి ఈ కథ బాగా తెలుసు. జీటీఏ 3, వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్.. మూడింటినీ కలిపి 2021 నవంబరు 11న 'డెఫినిటివ్ ఎడిషన్'గా రిలీజ్ చేశారు. కొత్త లైటింగ్, కొత్త బొమ్మలు. తీరా చూస్తే పెద్ద రచ్చ.

వాన పడితే తెర నిండా తెల్ల గీతలు, ఎదురుగా ఏముందో కనపడదు. పాత శాన్ ఆండ్రియాస్‌లో దూరంగా పొగమంచు ఉండేది. పీఎస్2 శక్తి సరిపోక పెట్టిన మంచు అది. దాన్ని తీసేసరికి ఒక ఊరి నుంచి ఇంకో ఊరు కనిపించిపోయి, రాష్ట్రమంత పెద్దది అనుకున్న మ్యాప్ కాస్తా మన కాలనీ అంత అయిపోయింది. ఇక డోనట్ షాపు మీద బోర్డు సంగతి.. ఇంగ్లిష్‌లో 'నట్' అన్న మాటతో ఆడిన జోక్ అది. అందుకే బోల్టుకు బిగించే ఆరు మూలల నట్టు బొమ్మ పెట్టారు. కొత్త వెర్షన్‌లో మూలలన్నీ అరిగిపోయి అది గుండ్రంగా తయారైంది. జోకూ పోయింది.

రాక్‌స్టార్ నవంబరు 19న క్షమాపణ చెప్పింది. కొత్తది రావడానికి ముందే పాత వెర్షన్లను ఆన్‌లైన్ స్టోర్ల నుంచి తీసేశారు. గొడవ తర్వాత పీసీ కోసం వాటిని మళ్లీ పెట్టాల్సి వచ్చింది. చివరికి 2024 నవంబరు అప్‌డేట్‌లో పాత రోజుల లైటింగ్‌ను 'క్లాసిక్' పేరుతో తిరిగి తెచ్చారు. అంటే మూడేళ్ల తర్వాత మళ్లీ పాతదానికే వచ్చారన్నమాట.

మరి బాగా చేసినవి లేవా?

ఉన్నాయి. 1998 నాటి 'రెసిడెంట్ ఈవిల్ 2'ను 2019లో రీమేక్ చేశారు. కెమెరా మార్చారు, బొమ్మలు పూర్తిగా మార్చారు. కానీ బుల్లెట్లు తక్కువ, జాంబీలు ఎక్కువ అన్న అసలు భయాన్ని మాత్రం కదపలేదు. అందుకే పాత ఫ్యాన్స్, కొత్త ప్లేయర్స్ ఇద్దరూ ఓకే అన్నారు.

'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' ఇంకో మంచి ఉదాహరణ. 1999 గేమ్. 2019లో 4కే రీమాస్టర్ వచ్చింది. 2022లో 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా' పేరుతో ద్రవిడులు, బెంగాలీలు, గుర్జరులను చేర్చారు. 2023 జనవరిలో ఎక్స్‌బాక్స్‌కి కూడా వచ్చింది. 2011 నాటి 'హేలో' యానివర్సరీ ఎడిషన్ అయితే సింపుల్ పరిష్కారం చూపించింది. ఒక్క బటన్ నొక్కితే పాత గ్రాఫిక్స్, మళ్లీ నొక్కితే కొత్తవి. ఏది కావాలో మీరే తేల్చుకోండి అంది.

ప్లేయర్లు ఏం ఎంచుకుంటున్నారు?

పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో చాలా గేమ్స్ మొదలుపెట్టగానే రెండు ఆప్షన్లు కనిపిస్తాయి. ఒకటి క్వాలిటీ మోడ్.. బొమ్మ అద్భుతంగా ఉంటుంది, కానీ సాధారణంగా సెకనుకు 30 ఫ్రేములే. రెండోది పర్ఫార్మెన్స్ మోడ్.. బొమ్మ కాస్త తగ్గుతుంది, ఫ్రేములు 60. లెక్క వేస్తే 30 ఫ్రేముల్లో ఒక్కో బొమ్మ 33 మిల్లీసెకన్లు ఉంటుంది, 60లో దాదాపు 17. ఆ తేడా కంటికంటే ముందు చేతికి తెలుస్తుంది.

2024 సెప్టెంబరులో పీఎస్5 ప్రోను పరిచయం చేస్తూ సోనీ ఆర్కిటెక్ట్ మార్క్ సెర్నీ ఒక మాట చెప్పారు. ఎంచుకోమంటే నాలుగింట మూడు సార్లు ప్లేయర్లు పర్ఫార్మెన్స్ వైపే వెళ్తున్నారట. అంటే గ్రాఫిక్స్ కోసం వేలు పోసి కన్సోల్ కొన్నవాళ్లు కూడా, తీరా ఆటకు కూర్చున్నాక గేమ్‌ప్లేకే ఓటేస్తున్నారు.

అమ్మకాల్లోనూ ఇదే కనిపిస్తుంది. హెచ్‌డీ కూడా లేని నింటెండో వీ 10 కోట్లకు పైగా అమ్ముడై, అదే తరంలో శక్తిమంతమైన పీఎస్3ను దాటేసింది. ఇటుకల్లాంటి గళ్లతో కనిపించే 'మైన్‌క్రాఫ్ట్' 2023 నాటికే 30 కోట్ల కాపీలు దాటింది. అలాగని గ్రాఫిక్స్ దండగ అని కాదు. చీకటి గదిలో ఎదురుగా వచ్చే జాంబీ నిజంలా ఉంటేనే భయం వేస్తుంది. ఆటకు పనికొచ్చే గ్రాఫిక్స్ ఒకటి, ట్రైలర్‌కు మాత్రమే పనికొచ్చే గ్రాఫిక్స్ ఇంకొకటి. తేడా అక్కడే.

అసలు భయం: గేమ్సే మాయమైపోతున్నాయ్

గ్రాఫిక్స్ గొడవ పక్కన పెడితే, ఇంతకంటే పెద్ద సమస్య ఒకటుంది. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఒక స్టడీ చేసింది. 2010కి ముందు అమెరికాలో వచ్చిన గేమ్స్‌లో 87 శాతం ఇప్పుడు మామూలుగా కొనుక్కోవడానికి దొరకడం లేదని తేలింది. మళ్లీ మళ్లీ రిలీజయ్యేవి హిట్ అయిన కొన్ని మాత్రమే.

నింటెండో వీ ఆన్‌లైన్ షాపు 2019 జనవరిలో, 3డీఎస్, వీ యూ షాపులు 2023 మార్చిలో మూతపడ్డాయి. 'సూపర్ మారియో 3డీ ఆల్-స్టార్స్' కలెక్షన్‌ను 2021 మార్చి 31 తర్వాత అమ్మడమే ఆపేశారు. కంపెనీల దగ్గరే పాత కోడ్ లేని సందర్భాలూ ఉన్నాయి. 2012 నాటి 'సైలెంట్ హిల్ హెచ్‌డీ కలెక్షన్' టీమ్ చేతికి పూర్తికాని కోడ్ మాత్రమే అందింది. దాంతో పాత గేమ్‌లో ఎప్పుడో సరిచేసిన బగ్స్‌ను వాళ్లు మళ్లీ సరిచేయాల్సి వచ్చింది. మన పాత తెలుగు సినిమాల నెగెటివ్‌లు పోయినట్టే ఇదీ.

పాత గేమ్స్‌ను పరిశోధకులకు లైబ్రరీల నుంచి ఆన్‌లైన్‌లో చూపించే అవకాశం ఇవ్వాలన్న వినతిని 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ ఆఫీస్ తిరస్కరించింది. అంటే కంపెనీ అమ్మదు, లైబ్రరీ చూపించలేదు. ఇక మిగిలేది పైరసీ దారే, అది చట్టవిరుద్ధం.

కొనే ముందు ఇవి చెక్ చేసుకోండి

- అది ఎమ్యులేషనా, రీమాస్టరా, రీమేకా? స్టోర్ పేజీలో వివరాలు చదవండి. పేరు చూసి మోసపోవద్దు.
- రిలీజైన రోజే కొనకండి. ఒకటి రెండు వారాలు ఆగి, గేమ్‌ప్లే వీడియోలు చూడండి. ట్రైలర్లు కాదు.
- పాత గ్రాఫిక్స్‌కు మారే ఆప్షన్, ఎక్కడైనా సేవ్ చేసుకునే సదుపాయం ఉన్నాయో లేదో చూడండి.
- టీవీలో 'గేమ్ మోడ్' ఆన్ చేయండి. పాత డబ్బా టీవీల్లో బటన్ నొక్కిన వెంటనే మారియో ఎగిరేవాడు. ఎల్‌ఈడీ టీవీలు బొమ్మకు మెరుగులు దిద్దుతూ కాస్త ఆలస్యం చేస్తాయి. గేమ్ మోడ్ ఆ ఆలస్యాన్ని తగ్గిస్తుంది.
- సబ్‌స్క్రిప్షన్‌లో వచ్చే పాత గేమ్స్ మీ సొంతం కావు. చందా ఆగితే గేమ్ కూడా ఆగిపోతుంది.
- ఆన్‌లైన్‌లో కనిపించే 'వేల గేమ్స్ ఒకే బాక్స్‌లో' ఆఫర్లలో చాలావరకు లైసెన్స్ లేనివే. 90ల నాటి 9999 గేమ్స్ క్యాసెట్ గుర్తుందిగా? తెరిచి చూస్తే అవే పది పదిహేను గేమ్స్ తిరిగి తిరిగి వచ్చేవి.

అన్నట్టు.. అటక మీద ఆ పాత వీడియో గేమ్ ఇంకా ఉంటే పాత సామాన్ల వాడికి వేసేయకండి. అందులోని గేమ్స్‌లో ఎన్ని మళ్లీ రిలీజవుతాయో ఎవరూ చెప్పలేరు. దుమ్ము దులిపి, ఒక్కసారి పిల్లల చేతికి ఇచ్చి చూడండి. గ్రాఫిక్స్ చూసి ముందు నవ్వుతారు.. ఓ పది నిమిషాలయ్యాక రిమోట్ ఇమ్మంటే ఇస్తారేమో మీరే చూడండి!