ఎండిన సీమకు ఎండిన అల్లం

సానరాయి మీద నాలుగు నీటిచుక్కలు వేసి, శొంఠికొమ్మును గుండ్రంగా తిప్పుతూ అరగదీసేది మా జేజి. ఆ గంధాన్ని వేలికొసతో తీసి నా నుదుటికి పట్టు వేసేది. "మండుతాంది జేజీ!" అంటే, "మండితేనే గదప్పా తగ్గేది" అనేది. అనంతపురం పల్లెల్లో పాతతరానికి తలనొప్పి మందు అదే. ఆ పల్లెల చుట్టూ వెతికినా అల్లం మడి మాత్రం కనిపించదు.

వానను నమ్ముకుని అల్లం వేయాలంటే ఏడాదికి 1500 మిల్లీమీటర్లయినా కురవాలి. ఇక్కడ పడేది సగటున 550. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు ఇంతదూరం వచ్చేసరికి నీరసిస్తాయి. మన రాష్ట్రంలో అల్లమంటే పాడేరు, చింతపల్లి కొండల పంట. చెనక్కాయలు పండే మా ఎర్రనేలకు అది ఎప్పుడూ సంతలో కొనుక్కునే సరుకే.

ఆ సరుకు దారి పాతది. 16వ శతాబ్దం మొదట్లో విజయనగరాన్ని గురించి రాసిన పోర్చుగీసు ఉద్యోగి దువార్తె బార్బోసా, మలబారు మిరియాలు ఎద్దుల మీద, గాడిదల మీద రాజధానికి చేరేవని చెప్పాడు. మలబారులో మిరియంతోపాటు పేరున్న మరో సరుకు అల్లం. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత రాజపీఠం మా సీమలోని పెనుకొండకు మారింది. వారాల తరబడి సాగే పెరికెల ప్రయాణంలో పచ్చి అల్లం మొలకెత్తుతుంది, లేదా కుళ్లిపోతుంది. చెడకుండా చేరేది శొంఠే.

ఒకే దుంపకు రెండు పేర్లుండటం ఊరికే కాదు. సంస్కృతంలో పచ్చిది ఆర్ద్రకం, అంటే తడి ఉన్నది. ఎండితే శుంఠి. తెలుగులో అల్లం, శొంఠి వేర్వేరు మాటలు, వేర్వేరు సరుకులు. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులోనూ రెండూ ఉన్నాయి. దూరాన రోములో అల్లాన్ని మిరియాల చెట్టు వేరనుకునేవారు. అది పొరపాటని రెండువేల ఏళ్ల నాడే ప్లినీ దిద్దాడు.

ముదిరిన దుంపను ఎనిమిది, తొమ్మిది నెలలకు తవ్వి, వెదురుబద్దతో పైతోలు గీకి, వారం పది రోజులు ఎండలో ఆరబెడతారు. అయిదు కిలోల అల్లానికి దాదాపు కిలో శొంఠి మిగులుతుంది. పచ్చి అల్లం కారానికి మూలం జింజెరాల్. ఎండేటప్పుడు దాని అణువు నుంచి ఒక నీటి అణువు విడిపోతే అది షోగాల్‌గా మారుతుంది. జపాన్ భాషలో అల్లాన్ని 'షోగా' అంటారు, ఆ పేరు అక్కడిదే. షోగాల్ ఘాటు జింజెరాల్ కంటే ఎక్కువ. శొంఠి ఘాటు నీళ్లు వదులుకుని సంపాదించుకున్నది.

శొంఠి లేని కషాయం లేదన్నది సామెత. మిరియాలు, పిప్పళ్లు జతచేస్తే త్రికటుకం. బాలింతకు పెట్టే కాయంలో వాము, బెల్లం, నెయ్యితో కలిసేదీ శొంఠే. శ్రీరామనవమి పానకంలోనూ చిటికెడు పడుతుంది. సంతలో కొన్న పచ్చి అల్లం మాత్రం వేసవి మజ్జిగలోకి, కరివేపాకు తోడుగా. వేవిళ్ల వికారాన్ని అల్లం కొంత తగ్గిస్తుందని నేటి పరిశోధనలూ చెబుతున్నాయి. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు మాత్రం డాక్టరునడిగాకే కషాయాలకు దిగాలి.

చిన్నప్పుడు ఒకసారి జేజి చూడకుండా చెంబెత్తి సాన మీద నీళ్లు పోశాను, మంట తగ్గుతుందని. గంధం కారిపోయింది. జేజి తిట్టలేదు. రాయి తుడిచి, కొమ్ము మళ్లీ అందుకుని, "నాలుగు చుక్కలకంటే ఎక్కువైతే అది మందు కాదప్పా, నీళ్లు" అంది.